పల్నాటి కొండలకు నడిచేవాళ్లు కావాలి

పల్నాటి కొండల్లో రాత్రిపూట తవ్వేవాళ్లున్నారు, పగటిపూట నడిచేవాళ్లు లేరు. మన కోటలకు, పాడుబడ్డ గుళ్లకు, బిలాలకు పట్టిన చీడ ఇదేనని నా నమ్మకం. ఫలానా గట్టు మీద గుప్తనిధుల కోసం తవ్వారని వార్త వస్తుంది. పోలీసులు నలుగురిని పట్టుకుంటారు. ఒక పలుగు, రెండు పారలు, పూజసామాను ఫొటోలో కనిపిస్తాయి. వారం తిరిగేసరికి ఊరు మరచిపోతుంది. తవ్విన గొయ్యి మాత్రం అలాగే ఉంటుంది. పగిలిన నంది పగిలినట్టే పడి ఉంటుంది.

నేను గురజాల ప్రాంతంలో సర్వేయరు పని చేసి బతికినవాణ్ణి. గొలుసు లాగడంతో మొదలై, థియోడొలైట్, టోటల్ స్టేషన్ మీదుగా, ఇవాళ ఉపగ్రహాల సాయంతో సెంటీమీటర్లలో హద్దు చూపించే రోవర్ దాకా వచ్చిన తరం మాది. మూడు ఊళ్ల పొలిమేరలు కలిసేచోట పాతిన ట్రైజంక్షన్ రాళ్లను వెతుక్కుంటూ గట్లెక్కడం మా వృత్తిలో భాగం. చేతిలో పరికరం పట్టుకుని కొండవైపు నడిస్తే చాలు, ఎవరో ఒకరు ఆపి అడుగుతారు: “ఏంది సారూ, లంకెబిందెల కోసమా?” సరదాకు అడిగేవాళ్లు కొందరు, అనుమానంగా అడిగేవాళ్లు కొందరు.

ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. ఒకసారి ట్రైజంక్షన్ రాయి కోసం వెళ్తే, రాయి ఉండాల్సిన చోట నడుంలోతు గొయ్యి కనిపించింది. రాయి మీద సర్వేవాళ్లు చెక్కిన గుర్తును ఎవరో నిధికి ఆనవాలు అనుకున్నారు. రాయిని పెకలించి పక్కకు దొర్లించారు. గొయ్యి అడుగున ఎండిపోయిన నిమ్మకాయలు, పసుపు ముద్ద, కర్పూరం కాలిన మసి, తెగిన నైలాన్ తాడు ముక్క ఉన్నాయి. గొయ్యి గోడల్లో పైనుంచి కింది దాకా ఉన్నది సుద్దమట్టి. ఆ రాయి చోటును మళ్లీ తేల్చడానికి మూడు గ్రామాల పటాలు ముందేసుకుని, మూడు వైపుల నుంచీ కొలుచుకుంటూ రావలసి వచ్చింది. ఈలోగా గట్టు తగాదా ఒకటి ముదిరి కోర్టు మెట్లెక్కింది. లేని బంగారం కోసం ఉన్న హద్దును పోగొట్టారు.

ఈ జబ్బుకు కేసులు, కాపలాలు అవసరమే గానీ అవి మాత్రమే సరిపోవు. జిల్లాలో గట్టుకొక కానిస్టేబులును నిలబెట్టడం అయ్యే పని కాదు. నిధి దొంగలకు అన్నిటికంటే పెద్ద అండ ఆ చోట్ల ఒంటరితనం. నెలల తరబడి అటు ఎవరూ రారని వాళ్లకు తెలుసు. కాబట్టి మనుషులు రావాలి. పండగనాడు ఒక్కసారి లారీల్లో వచ్చి వెళ్లే జనం కాదు, ఏడాదిలో నాలుగు నెలలపాటు నలుగురైదుగురు చొప్పున నడిచి వచ్చి, చూసి, చూసింది రాసిపెట్టి వెళ్లే జనం రావాలి. అందుకు పనికొచ్చే ఆట ఒకటి ప్రపంచంలో ఇప్పటికే ఉంది. దాన్ని మన నేలకు తగ్గట్టు మార్చుకుని తెచ్చుకోవాలన్నదే నా వాదన.

ఆ ఆట పేరు జియోకాచింగ్. అమెరికాలో ఉంటున్న మా మేనల్లుడు సెలవులకు వచ్చినప్పుడు దీని సంగతి చెప్పాడు. ఎవరో ఒకరు ఒక చిన్న డబ్బాను అడవిలోనో కొండమీదో పార్కులోనో దాచిపెడతారు. అందులో ఒక నోటుపుస్తకం, పెన్సిలు ఉంటాయి. దాచిన చోటు అక్షాంశ రేఖాంశాలను అందరికీ తెలిసేలా ప్రకటిస్తారు. ఆసక్తి ఉన్నవాళ్లు ఆ అంకెలు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లి, డబ్బా దొరికితే పుస్తకంలో పేరు, తేదీ రాసి, ఉన్నది ఉన్నట్టు అక్కడే పెట్టి వస్తారు. డబ్బాలో బొమ్మలాంటివి ఏమైనా ఉంటే ఒకటి తీసుకోవచ్చు, బదులుగా అంతే విలువైనది ఒకటి పెట్టాలి. దారి ఎంత కష్టమో, వెతకడం ఎంత కష్టమో ముందే ఒకటి నుంచి అయిదు దాకా అంకెల్లో చెబుతారు. దారికి అయిదు ఇచ్చారంటే తాళ్లు, పడవ లాంటి సరంజామా లేనిదే అక్కడికి చేరలేరని అర్థం.

దీని పుట్టుకకు కచ్చితమైన తేదీ ఉంది. అమెరికా తన జీపీఎస్ ఉపగ్రహ సంకేతాలను సామాన్య ప్రజలకు కచ్చితంగా అందకుండా కావాలనే కొంత చెడగొట్టి పంపేది. 2000 మే నెల మొదట్లో ఆ పద్ధతిని ఆపేసింది. అప్పటిదాకా వంద మీటర్ల దాకా పొరపాటు చూపించిన చేతి పరికరాలు ఒక్కసారిగా పది, ఇరవై మీటర్లలోకి వచ్చాయి. మరో రోజుకే, మే 3న, ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే ఆయన పోర్ట్‌లాండ్ దగ్గరి అడవిలో ఒక బకెట్ దాచి, దాని అంకెలు ప్రకటించాడు. కొద్ది రోజుల్లోనే మైక్ టీగ్ అనే మరొకాయన వెళ్లి దాన్ని కనుక్కున్నాడు. ఇవాళ ప్రపంచంలో ముప్ఫై లక్షలకు పైగా అలాంటి దాపుళ్లున్నాయి.

సర్వేయరుగా నన్ను ఈ ఆటలో ఆకట్టుకున్నది దాని కొలత. అక్షాంశంలో ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే ఒక నిమిషం. నేలమీద అది సుమారు 1,850 మీటర్లు. ఆ నిమిషాన్ని మళ్లీ వెయ్యి భాగాలు చేస్తే ఒక్కొక్కటి రెండు మీటర్లకు కాస్త లోపు. అంటే కాగితం మీద ఒక అంకె మారితే మనిషి నిలబడే చోటు మారుతుంది. ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోను అయిదు మీటర్ల లోపు తేడాతో మన స్థానం చెప్పగలదు. లోయలో, బండచరియ పక్కన ఉపగ్రహ సంకేతం రాతికి తగిలి తిరిగి వస్తుంది గనుక తేడా ఇంకా పెరుగుతుంది. ఆ చివరి అయిదు, పది మీటర్లూ మనిషి తన కళ్లతో, బుద్ధితో వెతుక్కోవాల్సిందే. యంత్రం మనల్ని చోటు దాకా తెచ్చి, చూడటం మనకే వదిలేస్తుంది. పిల్లలకు ఇంతకంటే మంచి భూగోళ పాఠం నాకు తెలియదు.

ఆ పాఠం మన నేలమీద ఎలా ఉంటుందో చూడాలని, నరసరావుపేట కళాశాల విద్యార్థుల్లో కొందరిని వెంటబెట్టుకుని కొండవీడు ఎక్కాను. ముందుగా సంబంధిత సిబ్బందికి చెప్పాం. ఎక్కడా ఏమీ దాచలేదు. నేను ముందే వెళ్లి కొన్ని చోట్ల అంకెలు రాసుకుని, ఒక్కో చోటికి ఒక ప్రశ్న తయారు చేశాను. ఆ చోట నిలబడి చూస్తేనే తెలిసే ప్రశ్నలవి.

కొండవీడు పేరు మనలో వినని వాళ్లుండరు, నడిచి చూసినవాళ్లు తక్కువ. రెడ్డిరాజులు అద్దంకి నుంచి రాజధానిని మార్చుకున్నది ఇక్కడికే. పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నదీ ఈ రాజ్యంలోనే. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ఈ దుర్గాన్ని గెలుచుకున్నాడు. ఇప్పుడు ఘాట్ రోడ్డు పడింది, కారులో పైకి వెళ్లి, చెరువు దగ్గర ఫొటో దిగి గంటలో దిగిరావచ్చు. మేం రోడ్డు వదిలి పాత కాలిబాట పట్టాం.

మొదటి గంట పిల్లలకు హుషారుగానే ఉంది. ఆ తర్వాత బాట సన్నబడింది. పరికి కంప చొక్కాలను పట్టుకుని వదల్లేదు. కూలిన గోడల రాళ్లు దారికి అడ్డంగా జారి పడి ఉన్నాయి. కదలదనుకున్న రాయి కదులుతుంది, పట్టు దొరికిందనుకున్న చోట కొమ్మ విరుగుతుంది. చేత్తో పట్టుకునే ముందు ప్రతి రాతి సందూ చూడమని పదే పదే చెబుతూ వచ్చాను. రక్తపింజరి, మండ్రగబ్బ ఉండే కొండలివి. 

రెండో చోటికి ఫోనులో నూట నలభై మీటర్లని చూపించింది. ముందు నడుస్తున్న కుర్రాళ్లు బాణం చూపిన వైపు ఉరికారు. ఇరవై అడుగులు వేయగానే కాళ్ల ముందు లోతైన గండి. అవతలి ఒడ్డు అరచేతిలో ఉన్నట్టే కనిపిస్తోంది, దిగడానికి దారి లేదు. ఒకబ్బాయి చెట్టువేరు పట్టుకుని దిగబోతే ఆపాను. అప్పుడు మా బృందంలోని ఒకమ్మాయి ఫోను జేబులో పెట్టేసి నేలవైపు చూడటం మొదలుపెట్టింది. ఎండుగడ్డిలో మేకల పెంటికలు కనిపించాయి. “మేకలు వస్తున్నాయంటే దారి ఉండాలి కదా సార్” అంది. మాతో వచ్చిన గొర్రెల కాపరి పెద్దాయన ముఖం వెలిగిపోయింది. అప్పటిదాకా ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. “ఉందమ్మా, ఇట్టా పైకెక్కి చుట్టు తిరిగి రావాల. మా మేకలు రోజూ పొయ్యే బాటే” అంటూ ముందుకు నడిచాడు. ఆ నూట నలభై మీటర్లకు మాకు పొద్దు బాగానే పట్టింది. చేరిన చోట ఉన్న ప్రశ్న ఇది: ఈ బురుజులో పెద్ద రాళ్ల మధ్య సందుల్ని దేనితో బిగించారు? అందరూ మోకాళ్ల మీద కూర్చుని గోడను వేళ్లతో తడిమారు. చిన్న చిన్న రాతి ముక్కలు సందుల్లో మేకుల్లా దిగ్గొట్టి ఉన్నాయి. వందల వానలు కురిసినా కొన్ని ఊడలేదు. కొండ ఎక్కింది ఆ చూపు కోసమే.

చివరి చోటు పైన, ఆకాశం విశాలంగా కనిపించే చోట. ప్రశ్న ఇది: కోటప్పకొండ ఏ దిక్కున ఉంది, ఎన్ని శిఖరాలు లెక్కపెట్టగలరు? గాలి తేటగా ఉన్న రోజు గనుక పడమటివైపు, కాస్త దక్షిణానికి, త్రికూటం నీలంగా తేలింది. ఏటా శివరాత్రికి ప్రభల వెంట ఆ కొండకు పోయే పిల్లలే వాళ్లంతా. తమ కొండను మరో కొండ మీదనుంచి చూడటం అదే మొదలు. తమ జిల్లా ఒక పటంలా కళ్లముందు పరుచుకోవడం ఎలా ఉంటుందో వాళ్లకు ఆ పూట తెలిసింది.

ఇంతకీ డబ్బా ఎందుకు దాచలేదు? ఆట మొత్తం డబ్బా మీదే కదా అని మేనల్లుడూ అడిగాడు. కారణాలు చెబుతాను. కొండవీడు వంటి రక్షిత కట్టడాల్లో తవ్వడానికి, దాచడానికి చట్టం ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. మాచర్ల, వెల్దుర్తి వైపు నల్లమల అడవిలో కొంతభాగం నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. అక్కడ అనుమతి లేకుండా అడుగు పెట్టడమే నేరం. మూడో కారణం మన సొంతం. ఆరెగాన్ అడవిలో బకెట్ దొరికితే మనిషి సంతోషిస్తాడు. పల్నాడులో గడ్డివాములోనో గుట్టపక్కనో బకెట్ దొరికిందంటే నాటుబాంబులని పోలీసులకు ఫోను చేస్తాం. ముఠా కక్షలు, మందుపాతరలు చూసిన నేల ఇది. పాతిపెట్టిన వస్తువంటే ఇక్కడ రెండే అర్థాలు: అయితే బంగారం, కాకపోతే బాంబు. ఆ రెండు ఆలోచనల్లో దేనికీ మనం కొత్తగా ఊపిరి పోయకూడదు.

అదృష్టం ఏమిటంటే, ఈ ఆటలోనే డబ్బా లేని పద్ధతి ఒకటుంది. ఎర్త్‌క్యాష్ అంటారు. 2004లో అమెరికా భూవిజ్ఞాన సంఘం దీన్ని మొదలుపెట్టింది. అక్కడ దాచింది ఏమీ ఉండదు. అంకెల ప్రకారం ఒక రాతి దగ్గరికో జలపాతం దగ్గరికో లోయ దగ్గరికో వెళ్లాలి, అక్కడ కనిపించే దాన్ని గమనించి ప్రశ్నకు జవాబు పంపాలి. నేలను ముట్టుకోరు, ఏమీ తీసుకోరు, ఏమీ వదలరు. మనకు కావలసింది ఇదే. నేలను కదిలించకుండా నేలను చదివించే ఆట.

అలా చదవడానికి పల్నాడంత పుస్తకం ఆంధ్రదేశంలో అరుదు. చాలాచోట్ల మన కాళ్ల కింద ఉన్నది సున్నపురాయి. పిడుగురాళ్ల బట్టీలకు, సిమెంటు ఫ్యాక్టరీలకు, మన ఇళ్ల నాపరాళ్లకు మూలం అదే. వాననీరు గాలిలోని, నేలలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని స్వల్పంగా ఆమ్లమై, ఆ రాతి పగుళ్లలోకి దిగి కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. వేల ఏళ్లకు అది బిలమవుతుంది. గుత్తికొండ బిలం అలా పుట్టిందే, కృష్ణ ఒడ్డున అమరలింగేశ్వరుడు కొలువైన దైద బిలం అలా పుట్టిందే. గుత్తికొండలో ముచికుందుడు నిద్రపోయాడని, కారెంపూడిలో జరిగిన పల్నాటి యుద్ధం తర్వాత బ్రహ్మనాయుడు ఆ బిలంలోకే నడిచి వెళ్లిపోయాడని జనం చెప్పుకుంటారు. 1969లో నక్సల్బరీ ఉద్యమ నేత చారు మజుందార్ వచ్చి విప్లవకారులతో రహస్యంగా సమావేశమైన చోటూ అదే. ఒక్క కొండ ముఖం దగ్గర నిలబడితే భూగర్భశాస్త్రం, పురాణం, వీరగాథ, నిన్నటి రాజకీయం నాలుగూ కలిసి కనిపిస్తాయి. దాని ముందు నిలబడి పిల్లవాడు జవాబు రాయాల్సిన ప్రశ్న చాలా చిన్నది: గోడమీద నీటిచార ఏ రంగులో ఉంది, రాతి పొరలు ఏ వైపు వాలాయి? అయితే బిలాల లోపలికి మాత్రం ఎవరినీ పంపకూడదు. ప్రశ్నలన్నీ వాకిట్లోనే ఆగాలి.

మాచర్ల దగ్గర చంద్రవంక వాగు సుమారు డెబ్బై అడుగుల ఎత్తునుంచి దూకే ఎత్తిపోతల ఉంది. కింద మడుగులో మొసళ్లున్నాయి కాబట్టి అక్కడా ప్రశ్న పైనుంచి చూసి చెప్పేదే కావాలి. కారెంపూడిలో నాగులేరు ఒడ్డున వీరుల గుడి ఉంది. కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరుల తిరునాళ్లలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని అయిదు రోజుల పేర్లూ మనకు నోటికి వచ్చు. నాగులేరు ఎక్కడ మలుపు తిరుగుతుందో, యుద్ధం జరిగిన మైదానం ఎటు వాలి ఉందో మనలో ఎందరం నడిచి చూశాం? కోటప్పకొండ మీద పాత కోటయ్య గుడి దాకా ఎక్కినవాళ్లు ఘాట్ రోడ్డులో వెళ్లేవాళ్లలో ఎందరు? భూగోళం మీద 16వ అక్షాంశం, 80వ రేఖాంశం సరిగ్గా ఖండించుకునే బిందువు నరసరావుపేటకు దక్షిణంగా పాతిక కిలోమీటర్ల దూరంలో పడుతుంది. ఇలాంటి బిందువులన్నింటికీ వెళ్లి ఫొటోలు తీసే పని 1996 నుంచీ ప్రపంచమంతటా కొందరు చేస్తున్నారు. మన పక్కనే ఉన్న బిందువును మన బడిపిల్లలు చూడకపోవడం లోటు కాదా?

నాగార్జునకొండ సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పాలి. నా వాదనకు అసలు ఆధారం అది. 1926లో శాసన పరిశోధన శాఖకు చెందిన ఎ.ఆర్. సరస్వతి ఆ లోయలో ఇక్ష్వాకుల నాటి శిథిలాలను గుర్తించారు. ఆ తర్వాత పురావస్తు శాఖకు చెందిన లాంగ్‌హర్స్ట్ తవ్వించినప్పుడు మహాచైత్యంలో వెండి భరిణె, దానిలో బంగారు భరిణె, దానిలో చిన్న అస్థి ముక్క దొరికాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. లోయ మునుగుతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయనంతా తవ్వి, ప్రతి గోడను, ప్రతి ఇటుక వరుసను పటంలోకి ఎక్కించారు. ముఖ్యమైన కట్టడాలను విప్పి, ఇప్పుడు దీవిగా మారిన కొండమీదికి, అనుపుకు చేర్చి మళ్లీ కట్టారు. అక్కడ కూడా బంగారం దొరికింది. కానీ దొరికిన చోటు రాసిపెట్టారు. ఏ కట్టడంలో, ఎంత లోతున, దేని పక్కన దొరికిందో రాసిపెట్టారు గనుకనే ఆ భరిణె చరిత్ర అయింది. రాత్రిపూట పలుగుతో తీసిన వస్తువుకు చోటు ఉండదు. చోటు పోయిన విగ్రహం, నాణెం, శాసనం ముక్క ఏమీ చెప్పలేవు. వాటికి బజారులో ధర ఉంటుంది గానీ మనకు వాటివల్ల తెలిసేది ఏమీ ఉండదు.

చట్టం కూడా ఈ మాటే చెబుతోంది. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో పది రూపాయలకు మించిన విలువైనది ఏది దొరికినా కలెక్టరుకు తెలియజేయాలి. దొరికింది ఏమిటి, ఎంత, ఎక్కడ, ఎప్పుడు అన్నవి ఆ నోటీసులో ఉండాలి. పొలం దున్నుతుంటే కుండ తగిలిన రైతు భయపడాల్సిన పని లేదు, దాచిపెట్టాల్సిన పనీ లేదు. చోటు చెప్పడమే పౌరధర్మం. పిల్లలకు చిన్నప్పుడే చోటును కచ్చితంగా రాయడం అలవాటైతే, రేపు ఆ పొలం దున్నేదీ వాళ్లే.

నా సూచన క్లుప్తంగా చెబుతాను. జిల్లాలో మొదట పది చోట్లు ఎంపిక చేయాలి. పర్యాటక, అటవీ, పురావస్తు శాఖలవాళ్లు, భూగర్భశాస్త్రం, చరిత్ర చెప్పే కళాశాల అధ్యాపకులు కలిసి కూర్చుంటే ఇది వారం రోజుల పని. ఒక్కో చోటికి అంకెలు, దారి కష్టం ఎంతో ఒకటి నుంచి అయిదు దాకా గుర్తు, అక్కడ నిలబడితేనే చెప్పగలిగే ఒక ప్రశ్న, తెలుగులో ఒక పేజీ వివరం. ఇందుకు భవనాలు అక్కర్లేదు, శిలాఫలకాలు అక్కర్లేదు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం పటాల తయారీ మీద పాత ఆంక్షలను చాలావరకు ఎత్తేసింది కాబట్టి, ఒకప్పటిలా ప్రతి పటానికీ అనుమతుల కోసం తిరగాల్సిన అవస్థా లేదు.

సంతకాల పుస్తకం మాత్రం ఉండాలి. అది కొండమీద డబ్బాలో కాదు, కొండ కింద ఊళ్లో ఉండాలి. గుడి పూజారి దగ్గరో, సచివాలయంలోనో, అన్నిటికంటే మేలుగా రోడ్డు పక్క టీ బంకులోనో పెట్టాలి. ఎక్కేముందు పేరు, ఫోను నంబరు, వేళ రాయాలి. దిగాక వచ్చిన వేళ, చూసిన జవాబు రాయాలి. పొద్దు గుంకినా దిగని పేరు ఉంటే ఊరికి వెంటనే తెలుస్తుంది. గట్టు మీద కొత్తగా తవ్విన గుంత కనిపిస్తే దాని అంకెలు అదే పుస్తకంలోకి, అక్కణ్నుంచి పోలీసులకు చేరతాయి. వచ్చినవాళ్లు ఒక టీ తాగుతారు, రెండు ఇడ్లీలు తింటారు. ఊరికి ఆ మాత్రం రాబడి ఉంటేనే ఆ కొండ తమదన్న పట్టింపు ఊళ్లో పుడుతుంది.

దారి చూపించేవాళ్లు స్థానికులే కావాలి. గొర్రెల కాపరులు, తండాల యువకులు, కట్టెలకు వెళ్లే ఆడవాళ్లు, వీళ్లకు తెలిసిన బాటలు ఏ ఉపగ్రహానికీ కనిపించవు. వాళ్లకు కూలి న్యాయంగా కట్టివ్వాలి. కొండవీడులో ఆ పెద్దాయన లేకపోతే మా బృందంలో ఎవరో ఒకరు ఆ గండిలో కాలు విరగ్గొట్టుకునేవారు.

అభ్యంతరాలు నాకు తెలుసు. చోటు అంకెలు బయటపెడితే దొంగలకు దారి చూపించినట్టు కాదా అని ఒక మిత్రుడు నిలదీశాడు. దొంగలకు ఆ చోట్లు మనకంటే ముందే తెలుసు. తెలియనిది మనకే. అయినా ఎవరూ చూడని శాసనాలు, విగ్రహాలు ఉన్న చోట్లను జాబితాలో పెట్టకూడదనే నేనూ అంటాను. జనం వస్తే ప్లాస్టిక్ వస్తుందన్నది ఇంకో భయం. ఈ ఆట ఆడేవాళ్లలో వెళ్లిన చోట చెత్త ఏరుకుని కిందికి తెచ్చే మంచి ఆచారం ఉంది. మనం దాన్ని నియమంగా పెట్టుకోవాలి: సంచి లేనిదే సంతకం లేదు. ప్రమాదాల మాట నిజమే. రెంటచింతల ఎండ సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. కాబట్టి కార్తీకం నుంచి మాఘం దాకా మాత్రమే నడక, తెల్లవారుజామున ఎక్కి మధ్యాహ్నానికి దిగడం, ఒంటరిగా వెళ్లకపోవడం, మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్లు, కాలికి చీలమండ దాకా బూట్లు, వాన పడితే వాగుల దరిదాపులకు పోకపోవడం, ఇవి రాజీలేని షరతులు. పాము కరిస్తే మంత్రం కోసం, నాటుమందు కోసం ఆగకుండా, కరిచిన భాగాన్ని కదలనివ్వకుండా ఆసుపత్రికి చేర్చాలన్న పాఠం కూడా నడకకు ముందే చెప్పాలి.

పల్నాడు 2022 ఏప్రిల్ 4న జిల్లా అయింది. కొత్త జిల్లాకు కలెక్టరేటు వచ్చింది, పటం వచ్చింది. ఆ పటంలోని కొండలను కాలినడకన తెలుసుకున్న తరం ఇంకా రాలేదు. బయట మన పేరు చెబితే జనానికి గుర్తొచ్చేది కక్షలు, ఎండ, మిరపకాయ. ఈ నేలకు బిలాలున్నాయి, రెడ్డిరాజుల దుర్గం ఉంది, ఇక్ష్వాకుల లోయ ఉంది, వీరుల ఏరు ఉంది. వాటిని చూపించే పని మనం చేయకపోతే పలుగు పట్టుకున్నవాడు తన పని తాను చేస్తూనే ఉంటాడు.

వచ్చే కార్తీకానికి పది చోట్లతో ఈ పని మొదలుపెట్టండని జిల్లా అధికారులను కోరుతున్నాను. కళాశాలలు ముందుకొస్తే అంకెలు తీయడానికి, దారులు కొలవడానికి నాలాంటి సర్వేయర్లు రూపాయి తీసుకోకుండా వస్తారు. చదివే మీరు కూడా ఈ చలికాలంలో మీ ఊరికి దగ్గరి గట్టును ఒకటి ఎంచుకోండి. ఆ కొండ తెలిసిన ఊరి మనిషిని తోడు తీసుకుని, ఇంట్లో చెప్పి, అనుమతి కావలసిన చోట అడిగి వెళ్లండి. అక్కడ కొత్త గుంతగానీ, కదిలించిన రాయిగానీ కనిపిస్తే దేన్నీ ముట్టుకోకండి. చోటుతో సహా ఫొటో తీసి, దిగగానే పోలీసులకు చెప్పండి.